మెరైన్ ట్యాంక్ ఊరు మారేటప్పుడు: రాయిని కాపాడుకోండి, ఇసుకను వదిలేయండి

రెండు మూడేళ్ళుగా సాఫీగా నడుస్తున్న మెరైన్ ట్యాంక్‌ను (ఉప్పునీళ్ళ సముద్రపు చేపల అక్వేరియంను) వేరే ఊరికి మార్చాల్సి వస్తే చాలామంది చేసేది ఇదీ: పాత నీళ్ళను చుక్క పోకుండా డ్రమ్ముల్లో పడతారు, ఇసుకను ఉన్నదున్నట్టు బకెట్లకెత్తుతారు, రాళ్ళను మాత్రం గోనెసంచిలో వేసి సామాన్ల లారీలో పడేస్తారు. ఇంతకంటే తలకిందుల పని ఇంకోటి లేదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషమైన అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. అది రాతి రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, సంప్ (ట్యాంక్ కింద ఉండే ఫిల్టర్ తొట్టి) గోడల మీద సన్నటి పొరలా పట్టుకుని ఉంటుంది. రాయి తడి ఆరకుండా, గాలాడుతూ కొత్త ఇంటికి చేరితే ట్యాంక్ చేరినట్టే. మారిన మూడో రోజు చేపలు పోయాయంటే మొదట అనుమానించాల్సింది కదిలించిన పాత ఇసుకని, ఆ తర్వాత ఎండిపోయిన రాయిని.

లెక్క కోసం ఒక మామూలు ట్యాంక్‌నే తీసుకుందాం. పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. అంచు దాకా పోస్తే 243 లీటర్లు. కింద 60 లీటర్ల సంప్, లోపల 30 కిలోల లైవ్ రాక్ (పైన చెప్పిన బ్యాక్టీరియా పట్టిన రాయి). ఒక జత క్లౌన్‌లు, ఒక ఎల్లో ట్యాంగ్, ఒక రాస్, రెండు డామ్‌సెల్‌లు (ఇంతవరకు చేపలు), రెండు క్లీనర్ రొయ్యలు, నత్తలు, ఒక లెదర్ కోరల్ (మెత్తటి పగడం), రాళ్ళకు అంటుకుని గుంపుగా పెరిగే కొన్ని జోవాంథిడ్‌లు, పువ్వులా కనబడే జీవి అనిమోన్ ఒకటి. ప్రయాణం హైదరాబాద్ నుంచి బెంగళూరుకు, ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు, అనంతపురం మీదుగా దాదాపు 570 కిలోమీటర్లు. కారులో తొమ్మిది పది గంటలు పడుతుంది, సామాన్ల డీసీఎం అయితే పన్నెండు పద్నాలుగు. ఇక్కడ విప్పడం, అక్కడ దించడం కలుపుకుంటే ఒక పగలూ ఒక రాత్రీ.

పది మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు 25 కిలోలు తూగుతుంది. ఈ కొలతల ట్యాంక్‌లో రెండు చదరపు మీటర్ల అద్దం ఉంటుంది కాబట్టి ఖాళీ ట్యాంకే 50 కిలోలు. నిండా ఉప్పునీళ్ళు పోస్తే నీళ్ళు ఒక్కటే 250 కిలోలు. ‘అడుగున కాస్త ఇసుక, నాలుగు వేళ్ళ నీళ్ళు ఉంటే ఏమవుతుందిలే’ అని అలాగే ఎత్తేవాళ్ళుంటారు. ఎత్తగానే అడుగు పలక నడిమధ్య కిందికి కుంగుతుంది, మూలల్లో సిలికాన్ సాగుతుంది. అప్పటికప్పుడు ఏమీ కనబడదు. కొత్త ఇంట్లో నింపిన రెండో రోజు స్టాండ్ కింద చెమ్మ కనబడుతుంది. కాబట్టి ట్యాంక్ పూర్తిగా ఖాళీ కావాల్సిందే, ఇందులో బేరం లేదు.

బండి మాట్లాడుకునే ముందు ఇంకో సంగతి. గట్టి అస్థిపంజరం ఉండే హార్డ్ కోరల్స్, సీ ఫ్యాన్‌లు, నీటి గుర్రాలు, సముద్ర దోసకాయలు 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి వచ్చాయి. మీ ట్యాంక్‌లో అలాంటివి ఉండి, ఎక్కడి నుంచి వచ్చాయో చూపించే కాగితాలు లేకపోతే రాష్ట్రం దాటించే ముందే నిదానంగా ఆలోచించుకోండి. కాగితాలుంటే కారు డాష్‌బోర్డులో పెట్టుకోండి, సామాన్ల పెట్టెలో కాదు.

వారం ముందే కొత్త ఇంట్లో మొదలుపెట్టాల్సిన పని నీళ్ళు. మొత్తం వ్యవస్థలో అసలు నీళ్ళు 240 లీటర్ల దాకా ఉంటాయి (రాళ్ళు, ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే). అందులో సగం, అంటే 120 లీటర్లు పాతవి తీసుకెళ్ళి, మిగతా సగం అక్కడ కొత్తగా కలుపుకుంటే చాలు. పాత నీళ్ళ వల్ల లాభం బ్యాక్టీరియా కాదు, ఉప్పు, ఆల్కలినిటీ (నీళ్ళ క్షారత) ఒక్కసారిగా మారకపోవడం. వంటింటి ఆర్వో నీళ్ళు పోద్దామనుకుంటే ఆగండి. మన దగ్గర అమ్మే వాటర్ ప్యూరిఫయర్లలో చాలావాటికి రుచి కోసం బోరు నీళ్ళను కొంచెం కలిపే టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) కంట్రోలర్ ఉంటుంది. మీటరు పెట్టి చూస్తే 60, 80 చూపిస్తుంది. మనకు కావలసింది సున్నా, లేదా దాని పక్కన. మిగిలిన లవణాలను కూడా తీసేసే డీఐ రెజిన్ ఉన్న, రోజుకు 75 గ్యాలన్ల ఆర్వో యూనిట్ గంటకు 12 లీటర్లకు మించి ఇవ్వదు, అదీ ప్రెషర్ బాగుంటే. 120 లీటర్లకు పది గంటలు. సామాన్లు దిగిన రోజు మొదలుపెట్టే పని కాదిది.

లీటరుకు 37 గ్రాముల చొప్పున 120 లీటర్లకు దాదాపు నాలుగున్నర కిలోల సాల్ట్ మిక్స్ పడుతుంది. నీళ్ళలో ఉప్పు వేయాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కగా ఉన్నచోట క్యాల్షియం సున్నంలా పేరుకుని నీళ్ళు పాలలా అవుతాయి, అవి మళ్ళీ తేరుకోవు. ఒక వేవ్‌మేకర్ (నీళ్ళను కదిలించే పంపు) వేసి 24 గంటలు తిప్పి, 25 డిగ్రీల దగ్గర సాపేక్ష సాంద్రత 1.026 వచ్చిందో లేదో చూడండి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోవాలి. మామూలు నీళ్ళతో సున్నా పెట్టుకుంటే పైకి వెళ్ళేకొద్దీ తప్పు చూపించే పరికరాలు చాలానే ఉన్నాయి. ఆల్కలినిటీ కూడా కొలవండి. పాత ట్యాంక్ 8 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత) దగ్గర ఉండి కొత్త మిక్స్ 11 చూపిస్తే లెదర్ కోరల్ ఓర్చుకుంటుంది, కొమ్మల కోరల్స్ కొసలు మాత్రం తెల్లబడతాయి.

అదే వారంలో ట్యాంక్ పెట్టే చోటు తేల్చేయండి. నిండిన ట్యాంక్, సంప్, స్టాండ్, రాయి కలిపి నాలుగు వందల కిలోలు దాటుతుంది. గది నడుమ కంటే గోడవార, కింద బీమ్ వెళ్ళేచోట నయం. మేస్త్రీల దగ్గరుండే రసమట్టం పొడవునా, అడ్డంగా, మూలగా మూడు వైపులా పెట్టి చూడాలి. ఇంకోటి, ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ డ్రమ్ములు వంద లీటర్లవి రెండు కొనండి. ప్రయాణానికీ అవే, దిగాక చేపల విడిదికీ అవే. పెయింట్ బకెట్లు ఎన్నిసార్లు కడిగినా వద్దు.

చేపలకు బయల్దేరే ముందు 24 నుంచి 36 గంటలు మేత ఆపేయాలి. ఒక్క పూట మేతతో వచ్చే మలం మొత్తం ప్రయాణంలో చేప ఉండే ప్లాస్టిక్ కవర్లోనే కరుగుతుంది. పాపం ఆకలితో ఉంటాయని చివరి పూట ఓ ముద్ద వేయడమే పెద్ద పొరపాటు.

విప్పే రోజు వరస తప్పకూడదు. ఏమీ కదపక ముందే, నీళ్ళు అద్దంలా ఉన్నప్పుడే, పైనుంచి సైఫన్ పెట్టి 120 లీటర్లు మంచి నీళ్ళు క్యాన్లలోకి తీసేయాలి. ఇరవై లీటర్లవి ఆరు. తర్వాత కోరల్స్, ఆ తర్వాత రాళ్ళు, చివరికి చేపలు. చేపల్ని ముందు పట్టుకుందామని వల పట్టుకుని రాళ్ళ మధ్య గంటసేపు తరిమేవాళ్ళున్నారు. ఆ గంటలో చేప సగం చచ్చిపోతుంది, ఇసుక మొత్తం లేస్తుంది. రాళ్ళు బయటికి వచ్చి, నీళ్ళు జానెడు లోతుకు దిగాక దాక్కోవడానికి చోటుండదు, రెండు నిమిషాల్లో దొరుకుతాయి. పైగా కవర్లో ఉండే సమయమూ తగ్గుతుంది. వల బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా వాడండి. ట్యాంగ్ తోక మొదట్లో చాకులాంటి ముల్లు ఉంటుంది, ఏంజెల్ చేప చెంప దగ్గర ఇంకోటి. వలలో చిక్కుకుంటే విడదీసేసరికి మొప్పలు చీరుకుపోతాయి.

రాళ్ళు తీసేటప్పుడు ప్రతి రాయినీ నీళ్ళ పైన ఒక నిమిషం వాలుగా పట్టుకుని రంధ్రాలు చూడండి. డామ్‌సెల్ గానీ గోబీ గానీ ప్రమాదం వస్తే పారిపోదు, రాతి లోపలికి దూరి గట్టిగా బిగుసుకుంటుంది. రాయితో పాటు డ్రమ్ములోకి వెళ్ళి అక్కడే నలిగిపోయే చేప ఇదే. రాస్ ఇసుకలో కూరుకుని పడుకుంటుంది కాబట్టి లెక్క తగ్గితే కంగారు పడకుండా ఇసుకను వేళ్ళతో నెమ్మదిగా జల్లించాలి.

జోవాంథిడ్‌లు ఉన్న రాళ్ళకు చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఆ రాళ్ళను బ్రష్‌తో రుద్దడం, వేడినీళ్ళు పోయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్ళున్నారు. లెదర్ కోరల్ చిరాకుపడితే తన రసాయనాలు వదులుతుంది, దాని కవరు దానిదే. అనిమోన్ పాదం రాతి పగుల్లో ఉంటే లాగొద్దు, రాయితో సహా తీసేయండి. అద్దానికి అంటుకుని ఉంటే పాదం వెనక, అద్దానికి బయటివైపు ఒక ఐసు ముక్క పెట్టి ఉంచితే తనే వదులుతుంది.

చేపల ప్యాకింగ్ ఎలాగుండాలో తెలియాలంటే మన కోస్తాలో రొయ్య సీడ్ ప్యాక్ చేసే హేచరీని ఒకసారి చూడాలి. అక్కడ చేసేదే ఇక్కడా: మూడింట ఒక వంతు నీళ్ళు, రెండు వంతులు ఆక్సిజన్, కవరు లోపల కవరు, గట్టి రబ్బరు బ్యాండు, చల్లటి థర్మాకోల్ పెట్టె, రాత్రి ప్రయాణం. కవరు అడుగు మూలలు రెండూ మడిచి టేపు వేయాలి, లేకపోతే చిన్న చేప మూలలో ఇరుక్కుపోతుంది. క్లౌన్‌కు లీటరు, లీటరున్నర నీళ్ళు. నాలుగైదు అంగుళాల ట్యాంగ్‌కు నాలుగు లీటర్లు, మూడు కవర్లు, రెండో కవరుకూ మూడో కవరుకూ మధ్య పాత న్యూస్‌పేపరు. కవరుకు ఒక్కటే చేప. జతగా తిరిగే క్లౌన్‌లను కూడా విడదీయాల్సిందే. నోటితో ఊదిన కవరు, ఎయిర్ పంపుతో నింపిన కవరు రెండు మూడు గంటల దారికి సరిపోతాయేమో గానీ బెంగళూరుకు సరిపోవు. అక్వేరియం హోల్‌సేల్ దుకాణాల్లో సిలిండర్ ఉంటుంది. ముందురోజే అడిగి పెట్టుకుంటే అక్కడికే తీసుకెళ్ళి నింపించుకోవచ్చు.

నత్తలకు ఇంత హంగామా అక్కర్లేదు. తడి గుడ్డ పరిచిన డబ్బా చాలు.

ఇక రాయి. ముందుగా పాత నీళ్ళు పోసిన ఒక టబ్బులో ప్రతి రాయినీ ముంచి గట్టిగా ఊపండి. రంధ్రాల్లోంచి కాఫీ పొడిలా మట్టి రాలుతుంది, ఇక్కడ రాలినంతా అక్కడికి వెళ్ళనట్టే. మూడు నాలుగు గంటల ప్రయాణమైతే ట్యాంక్ నీళ్ళలో తడిపిన న్యూస్‌పేపరు చుట్టి పెట్టెలో పెడితే సరిపోతుంది. పన్నెండు గంటలకు అది చాలదు. రాతి మీద బతికే స్పంజీ జీవులకు గాలి తగిలితే చస్తాయి, చచ్చినవి కుళ్ళి అమ్మోనియా అవుతాయి. కాబట్టి డ్రమ్ము అడుగున మందపాటి తడి తువ్వాలు వేసి, రాళ్ళు పేర్చి, మునిగేదాకా మాత్రమే నీళ్ళు పోసి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు పెట్టాలి. సెల్లులు అదనంగా ఉంచుకోండి. ఈ డ్రమ్ములోకి చేపను ఒక్కదాన్ని కూడా వేయకూడదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర రాయి దొర్లితే చాలు. దిగాక ఈ డ్రమ్ము నీళ్ళు ట్యాంక్‌లో పోయకూడదు, పారబోయాలి. కావాలంటే ఒక గ్లాసు తీసి అమ్మోనియా కొలిచి చూడండి, ఎందుకంటున్నానో తెలుస్తుంది.

ఇసుక దగ్గర మాత్రం మొహమాటం వద్దు. మూడేళ్ళు కదపని ఇసుక అడుగున మేత, మలం పేరుకుని, ప్రాణవాయువు అందక నల్లటి చారలు కడతాయి. గరిటెతో తోడగానే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ మట్టిని కొత్త ఇంట్లో మళ్ళీ పరవడమంటే మూడేళ్ళ చెత్తను ఒక్కరోజులో నీళ్ళలో కలపడమే. పాతదాంట్లోంచి పైపొర మాత్రం ఒక కప్పు తీసి పెట్టుకోండి, పురుగులు, కోపీపాడ్‌లు (కంటికి కనబడీ కనబడని చిన్న జీవులు) అందులో వస్తాయి. మిగతాది పారేయండి. కొత్త ఆరగొనైట్ (సున్నపు రకం) ఇసుక మూడు సెంటీమీటర్ల మందానికి ఈ ట్యాంక్‌కు పాతిక కిలోలు పడుతుంది. అంత ఖర్చెందుకు అనుకుంటే పాత ఇసుకనే కుళాయి కింద నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి, చివర్లో ఆర్వో నీళ్ళతో ఒకసారి తిప్పి వాడుకోవచ్చు. అందులో బ్యాక్టీరియా చస్తుంది నిజమే, అందుకేగా రాయిని అంత జాగ్రత్తగా తెస్తున్నాం. నది ఇసుక మాత్రం వద్దు.

ఖాళీ ట్యాంక్‌ను అడుగు నుంచే నలుగురు ఎత్తాలి. పై అంచున అతికించిన అద్దపు బద్దెలు పట్టుకుని ఎత్తితే అవి ఊడిపోతాయి. బండిలో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు వేసి, ఎప్పుడూ నిలబడినట్టే నిలబెట్టి, చుట్టూ పరుపులు బిగించండి. ట్యాంక్ లోపల సామాన్లు పెట్టనివ్వొద్దు. హమాలీలకు ఖాళీ పెట్టె కనబడితే దిండ్లతో మొదలుపెట్టి మిక్సీ దాకా వెళ్తారు. పైపుల యూనియన్లు విప్పేటప్పుడు రబ్బరు రింగులను ఒక కవర్లో వేసి సంప్‌కు కట్టేయండి. పోయిన ఒక్క రింగు కోసం కొత్త ఊళ్ళో ఆదివారం నాడు తిరగాల్సి వస్తుంది.

చేపలు, కోరల్స్ కారులో మీతోనే రావాలి. ఏసీ 24, 25 మీద ఉంచి సాయంత్రం ఏడు ఎనిమిదికి బయల్దేరితే కర్నూలు ఎండ తప్పుతుంది, తెల్లారేసరికి బెంగళూరు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ప్రయాణం ఆలోచన పెట్టుకోవద్దు. థర్మాకోల్ పెట్టె మూత తీసి తీసి చూడొద్దు. చీకట్లో చేప కదలదు, కదలకపోతే ఆక్సిజన్ తక్కువ ఖర్చవుతుంది. ఎండాకాలమైతే అర లీటరు ఐసు బాటిల్‌ను పేపర్లో చుట్టి కవర్లకు తగలకుండా ఓ మూల పెట్టండి.

దిగాక ఎక్కువమంది తప్పు చేసేది కవరు విప్పే దగ్గరే. పది గంటల ప్రయాణంలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల కవర్లో పీహెచ్ 7 దగ్గరికి పడిపోతుంది. అమ్మోనియా కూడా చేరుతుంది గానీ ఆ పీహెచ్‌లో దాదాపు అంతా అమ్మోనియం రూపంలో ఉంటుంది, విషమైన రూపంలో ఉండేది అర శాతమే. కవరు విప్పగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. 8.2 చేరేసరికి అదే అమ్మోనియాలో ఏడెనిమిది శాతం విషమవుతుంది. అంటే నీళ్ళు మారకుండానే విషం పదిహేను రెట్లు. ఇలాంటప్పుడు కవరు విప్పి, సన్నటి పైపుతో చుక్కచుక్కగా గంటన్నర డ్రిప్ పెట్టడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. కవరు విప్పకుండా పావుగంట డ్రమ్ములో తేలించి వేడి సమానం చేయండి. తర్వాత విప్పి, చేపను మాత్రం డబ్బాతో తీసి వెంటనే వదిలేయండి. కవరు నీళ్ళు బయటికి. డ్రమ్ములో ఉన్నవి అదే ట్యాంక్ పాత నీళ్ళు కాబట్టి ఉప్పు తేడా ఉండదు. రొయ్యలకు ఉప్పులో 0.001 కంటే ఎక్కువ తేడా పనికిరాదు, వాటికీ ఇదే ఉపాయం సరిపోతుంది.

డ్రమ్ములో విడిది అని ముందు అన్నది ఇందుకే. ఒక డ్రమ్ములో చేపలు, ఇంకో దాంట్లో నీళ్ళు మార్చిన రాళ్ళు. రెండింటికీ హీటర్, ఎయిర్ స్టోన్. చేపల డ్రమ్ములో పీవీసీ ఎల్బోలు ఓ ఐదారు, రెండు చిన్న రాళ్ళు, పైన వల మూత. రాస్ గెంతుతుంది. డామ్‌సెల్ ఎలాగూ గొడవపడుతుంది, దానికి విడిగా చిల్లుల బుట్ట. చేపలు ఇలా కుదురుకున్నాయంటే మీకు ఒక పగలంతా చేతిలో ఉన్నట్టు. ఆ పగలు ట్యాంక్‌ను స్టాండ్ మీద పెట్టి, మామూలు కుళాయి నీళ్ళు నింపి, కీళ్ళ వెంట టిష్యూ పేపరు అద్ది ఎనిమిది పది గంటలు చూడాలి. ఈ పరీక్ష వదిలేసినవాళ్ళకే అర్ధరాత్రి రెండొందల లీటర్ల ఉప్పునీళ్ళు హాల్లోకి వస్తాయి.

లీకు లేదని తేలాక ట్యాంక్ ఖాళీ చేసి, కడిగిన ఇసుక వేసి, దాని మీద ప్లాస్టిక్ షీటు పరిచి నీళ్ళు పోయండి. పాత 120 లీటర్లలో డ్రమ్ములకు పోగా మిగిలినవి, కొత్త 120 లీటర్లు. తర్వాత రాళ్ళు, హీటర్, పంపులు, సంప్‌లో నీళ్ళను శుద్ధి చేసే కొత్త యాక్టివేటెడ్ కార్బన్. నీళ్ళు కాస్త మసకగా ఉన్నా భయపడక్కర్లేదు, ఆరగొనైట్ పొడి చేపల్ని చంపదు. 25 డిగ్రీలు, 1.025-1.026, అమ్మోనియా సున్నా అని చూసుకుని మర్నాడు పొద్దున చేపల్ని వేయండి. డామ్‌సెల్‌ను అన్నిటికంటే చివర. అనిమోన్ కొత్త చోట కుదురుకునేదాకా తిరుగుతుంది కాబట్టి వేవ్‌మేకర్లకు స్పంజి తొడుగులు వేయకపోతే ఒక్క రాత్రిలో తురుమైపోతుంది, దాంతో ట్యాంక్ అంతా పాడవుతుంది.

మొదటి వారం రోజూ అమ్మోనియా కొలవాలి. లీటరుకు 0.25 మిల్లీగ్రాములు చూపిస్తే ముప్పై నలభై లీటర్ల నీళ్ళు మార్చండి, అమ్మోనియా విషాన్ని తగ్గించే సీకెమ్ ప్రైమ్ అనే ద్రవం 200 లీటర్లకు 5 మిల్లీలీటర్లు వేయండి. దాని తర్వాత స్కిమ్మర్ (నురగతో మలినాలు తీసే పరికరం) పిచ్చిగా పొంగుతుంది, రెండు మూడు రోజులు ఆపినా నష్టం లేదు, గాలికి ఒక ఎయిర్ స్టోన్ వేస్తే సరి. మేత రెండో రోజు నుంచి, మామూలులో సగం. లైట్లు సగం వెలుగుతో మొదలుపెట్టి పది రోజుల్లో పెంచండి. హైదరాబాద్‌లో ఫ్యాన్లు, చిల్లర్‌తో నెట్టుకొచ్చినవాళ్ళకు బెంగళూరులో డిసెంబరు రాత్రి 15, 16 డిగ్రీలకు పడటం కొత్త. 300 వాట్ల హీటర్ పెట్టుకోండి, వీలైతే 150వి రెండు. ఒకటి ఆన్‌లో ఇరుక్కుపోయినా చేపలు ఉడికిపోవు.

రెండు మూడు వారాలకు కొత్త ఇసుక మీద గోధుమరంగు పొర కమ్ముతుంది. అవి డయాటమ్‌లు అనే సూక్ష్మ నాచు. నీళ్ళలోని సిలికా అయిపోగానే అవే పోతాయి. దానికి మందులు వేయకండి, తడిగుడ్డ డబ్బాలో తెచ్చిన నత్తలు చూసుకుంటాయి.